ఎవరు చూస్తున్నారు?

మనం గెలిచాం. ఆ సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత ఓపిక ఉండదు. ఎవరు ఏం చూస్తున్నారో లెక్కగట్టే నీల్సన్ సంస్థ ప్రకారం 2025 మే నెలలో అమెరికాలో జనం టీవీ చూసిన సమయంలో స్ట్రీమింగ్ (అంటే ఇంటర్నెట్ ద్వారా చూసేది) వాటా 44.8 శాతానికి చేరింది. మామూలు ఛానళ్లూ కేబులూ రెండూ కలిసినా దాన్ని అందుకోలేకపోయాయి. కేబుల్‌వాడి పీడ విరగడైంది. ఇక ఏం చూడాలో, ఎప్పుడు చూడాలో అంతా మన ఇష్టం. ఆ ఇష్టం ఎలా ఉంటుందో మొన్న రాత్రి మా అమ్మ ఇంట్లో దగ్గరుండి చూశాను.

ఆవిడ అడిగింది ఒక్క పాత సినిమా. కేబుల్ రోజుల్లో టీవీ పెడితే అందులో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండేవారు. ఇప్పుడు టీవీయే మనల్ని ఇంటర్వ్యూ చేస్తుంది. "ఎవరు చూస్తున్నారు?" అన్నది మొదటి ప్రశ్న. "నేనేరా, ఇంకెవరు" అని అమ్మ తెరకే జవాబు చెప్పింది. చాల్లేదు. లాగిన్ గడువు తీరిందట, పాస్‌వర్డ్ కొట్టాలట.

రిమోట్‌తో పాస్‌వర్డ్ కొట్టడం గురించి పెద్దలు ఎందుకు శాస్త్రం రాయలేదో నాకు అర్థం కాదు. 'ఎం' నుంచి 'ఎస్' దగ్గరికి కుడివైపు ఆరు నొక్కులు. ఏడోది దానంతట అదే పడుతుంది. చెరుపుదామంటే ఆ గడి ఈ మూల ఉంటే మనం ఆ మూల. పెద్దక్షరానికి ఒక మెట్టు కిందికి దిగాలి, అంకెలకు వేరే పేజీ. పాస్‌వర్డ్ గట్టిగా ఉండాలని పట్టుబట్టి పెట్టించిన ఆ '@' గుర్తు ఏ పేజీలో కాపురం ఉందో దేవుడికే తెలియాలి. ఇంతా చేసి తెర మీద కనిపించేవి నల్ల చుక్కలు. గదిలో ఉన్నది నేనూ, నన్ను కన్నతల్లీ. ఆ చుక్కలు ఎవరి నుంచి దాస్తున్నట్టు?

పాస్‌వర్డ్ తప్పంది. రెండోసారీ తప్పే. అప్పుడు దయతలచి ఆరంకెల కోడ్ పంపింది. నాకు కాదు, మా బావకి. అకౌంట్ ఆయన పేరు మీద ఉంది.

"బావా, ఇప్పుడు నీ ఫోన్‌కి ఏదైనా కోడ్ వచ్చిందా?"

"వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని అందులోనే రాసుంది."

"నేనే బావా అడిగింది."

"మోసగాళ్లూ అలాగే అంటారు. ఈ మధ్య బావమరిది గొంతుతో కూడా ఫోన్లు చేస్తున్నారట."

నేను నేనేనని నిరూపించుకోవడానికి అక్క లైన్లోకి రావాల్సి వచ్చింది. అక్క వచ్చి, అమ్మ ఆరోగ్యం కనుక్కుని, అంకెలు చదివేసరికి కోడ్ కాలం చేసింది. రెండో కోడ్ పనిచేసింది. సినిమా దొరికింది. ప్లే నొక్కాను. ఈ టీవీ ఈ అకౌంట్ కుటుంబంలో భాగం కాదని తెర మీద వచ్చింది.

అమ్మ అది చదువుకుని, "పోనీలేరా, ఇవన్నీ నాకు చేతకావు" అంది.

ఇక్కడ నాకు ఒళ్లు మండింది. జన్మంతా ఇల్లు నడిపిన మనిషికి, ఎవరి సాయమూ లేకుండా టీవీ పెట్టుకున్న మనిషికి, చేతకాకపోవడమేమిటి? చేతకానిది ఆ పెట్టె తయారుచేసినవాళ్లకి. ఒక్క బటన్‌తో అయ్యే పనిని పద్నాలుగు మెట్లు చేసి, ఎక్కలేకపోతే తప్పు ఆవిడదే అనిపించేలా చేశారు. పైగా ఆవిడ మా కుటుంబం కాదని వాళ్లు తేల్చారు! ఆ తీర్పు చెప్పిన కంపెనీ ఏదన్నది అప్రస్తుతం, దారి అందరికీ తెలిసిందే. ప్రేమంటే పాస్‌వర్డ్ పంచుకోవడమేనని 2017లో ట్వీట్ చేసింది నెట్‌ఫ్లిక్స్. 2023 వచ్చేసరికి ఆ ప్రేమ ఒకే ఇంటి కప్పు కింద ఉన్నవాళ్లకే పరిమితమైంది. వేరే ఇంట్లో ఉంటే అమ్మ అయినా అదనపు సభ్యురాలే, అదనపు బిల్లే.

కేబుల్ బంగారమని నేననను. చూడని వంద ఛానళ్లకు డబ్బు కట్టించుకున్నవాడు వాడు. దాన్నుంచి విముక్తి అనే కదా మనం ఇటు దూకింది? 2022 చివర్లో నెట్‌ఫ్లిక్స్, డిస్నీ ప్లస్ యాడ్స్ ఉన్న ప్లాన్లు తెచ్చాయి. 2024 జనవరిలో ప్రైమ్ వీడియో అమెరికాలో ఇంకా సులువైన దారి కనిపెట్టింది. అప్పటికే డబ్బు కడుతున్నవాళ్లకు యాడ్స్ తగిలించి, వద్దనుకుంటే నెలకు ఇంకో 2.99 డాలర్లు కట్టమంది. టికెట్ కొని బస్సెక్కాక సీటు పీకేసి, కూర్చోవాలంటే మళ్లీ టికెట్ అన్నట్టు. అదే ఏడాది జులైలో డిస్నీ ప్లస్, హులు, మ్యాక్స్ అనే మూడు స్ట్రీమింగ్ సర్వీసులనూ మూటగట్టి ఒకే ధరకు అమ్మడం అక్కడ మొదలైంది. ఈ మహా ఆవిష్కరణకు కేబుల్‌వాడు 'ప్యాకేజీ' అని ఎప్పుడో పేరు పెట్టాడు. (అన్నట్టు ఆ మ్యాక్స్ 2020లో హెచ్‌బీఓ మ్యాక్స్‌గా పుట్టింది. 2023లో మూడక్షరాలు తీసేసుకుంది, 2025లో మళ్లీ తగిలించుకుంది. వీళ్లా మా అమ్మ పాస్‌వర్డ్ తప్పంటున్నది!)

నెలకొక సర్వీసు చొప్పున మార్చుకుంటూ పోతే చవకే కదా అంటారు తెలివైనవాళ్లు. నిజమే. సినిమా చూడటానికి ఒక క్యాలెండరూ, ఒక గుమాస్తా ఉంటే చవకే.

మర్నాడు పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. కొత్త టీవీలో ఎవరో లాగిన్ అయ్యారు, మీరేనా అని మెయిల్ వచ్చిందట. ఏం నొక్కమంటావు అన్నాడు. "అత్తయ్య అని ఉందేమో చూడు" అన్నాను.

అవును, కాదు. రెండే ఉన్నాయట.