సవరణ: డిటెక్టర్‌ని చల్లబరచడం గురించి
తీవ్రమైన ఎక్స్‌రేల కింద కాడ్మియం జింక్ టెల్లురైడ్ డిటెక్టర్ (ఎక్స్‌రే కణాలను లెక్కపెట్టే స్ఫటిక పరికరం) లెక్క తప్పుతుంటే చల్లబరిస్తే సరిపోతుందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. చలికి లీకేజీ కరెంటు (ఎక్స్‌రేలు లేకున్నా కారే కరెంటు) తగ్గే మాట నిజమే, కానీ అసలు చిక్కు వేరే ఉంది. ఎక్స్‌రే తగిలినప్పుడు స్ఫటికంలో విడివడే ఎలక్ట్రాన్లు చకచకా ఆనోడ్‌కు, అంటే ధన ధ్రువానికి, చేరిపోతాయి. నెమ్మదిగా కదిలే హోల్స్ (ఎలక్ట్రాన్లు వదిలిన ధనావేశపు ఖాళీలు) మాత్రం స్ఫటికంలోని లోపాల దగ్గర ఇరుక్కుంటాయి. అలా పేరుకున్న ధనావేశం లోపలి విద్యుత్ క్షేత్రాన్ని కుంగదీస్తుంది. దాంతో ఆవేశాలు సరిగా చేరక, ఎక్స్‌రేలు పెంచినా కౌంట్ పడిపోతుంది! చలిలో ఆ హోల్స్ బయటపడటం ఇంకా ఆలస్యం. దీనికి విరుగుడుగా పరిశోధన పత్రాలు సూచించేవి హోల్స్ బాగా కదిలే స్ఫటికం, ఎక్కువ వోల్టేజీ, కొన్ని ప్రయోగాల్లో ఇన్‌ఫ్రారెడ్ కాంతి. చల్లదనం పనికొచ్చేది షాట్కీ రకం (కరెంటును ఒక వైపుకే పోనిచ్చే లోహపు అతుకు ఉన్న) కాడ్మియం టెల్లురైడ్‌ డిటెక్టర్‌కి. అక్కడ వోల్టేజీ పెట్టి ఉంచినందుకే పనితీరు దిగజారుతుంది, ఎక్స్‌రేల తీవ్రత వల్ల కాదు.