అదునుకు అందని డబ్బు

వరి కోత మిషన్ వెళ్లిపోయాక పొలంలో మిగిలే కొయ్యలకు పంజాబ్ రైతు ఎందుకు నిప్పు పెడతాడు? పొగ చేటని అతనికి తెలుసు. దాన్ని ముందు పీల్చేది అతని పిల్లలే. కానీ గోధుమ విత్తడానికి మిగిలేది రెండు మూడు వారాలు.

ఆ గడువు ఇరుకైపోవడంలో సర్కారు పాత్ర కూడా ఉంది. భూగర్భజలాన్ని కాపాడాలని పంజాబ్ 2009లో జూన్ 10కి ముందు వరి నాట్లు వెయ్యకూడదని చట్టం చేసింది. ఉద్దేశం మంచిదే. అయితే నాట్లు వెనక్కి జరిగితే కోతలూ జరుగుతాయి కదా! పూసా 44 లాంటి దీర్ఘకాలిక వరి రకాలు వేసినవాళ్లకు ఊపిరాడలేదు. అలా నీటిని కాపాడబోతే గాలి మీద భారం పడింది.

తగలబెట్టని చిన్న, సన్నకారు రైతులకు క్వింటాలుకు 100 రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2019 నవంబర్ 6న. అప్పటికే ఎన్నో పొలాలు కాలిపోయాయి. సాయం చెయ్యాలన్న మనసును తప్పుపట్టను, కానీ అదును దాటాక వచ్చే డబ్బు రైతు నిర్ణయాన్ని మార్చలేదు.

అదే ఏడాది కెల్సీ జాక్, సీమా జయచంద్రన్, మరికొందరు ఆర్థికవేత్తలు పంజాబ్‌లోని 171 ఊళ్లలో ఒక ప్రయోగం చేశారు. తగలబెట్టకపోతే చివర్లో మొత్తం డబ్బు ఇస్తామన్న ఊళ్లలో మంటలు తగ్గలేదు. అందులో పావు వంతో సగమో ముందే చేతిలో పెట్టిన ఊళ్లలో తగ్గాయి. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు. గడ్డి ఎత్తే మిషన్‌కు కిరాయి ఇవాళ కట్టాలి, ప్రోత్సాహకం ఎప్పుడొస్తుందో తెలియదు. పైగా వస్తుందన్న నమ్మకమూ ఉండదు. ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగినవాడికి కాగితం మీది హామీ కిరాయి డబ్బు కాదు.

ముందే ఇస్తే కొందరు తీసుకుని కూడా తగలబెడతారు, నిజమే. ఆ నష్టాన్ని లెక్కలో రాసుకోవాల్సిందే. మొత్తం చివర్లో ఇచ్చే పద్ధతిలోనూ వృథా ఉంది, అది కంటికి కనపడదంతే: ఎటూ తగలబెట్టని రైతుకే డబ్బు చేరుతుంది, మంటలు మాత్రం తగ్గవు.

మన దగ్గర నాకు ఇంకో టెన్షన్ ఉంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారు ఖాతాలోకే వెళ్లింది, కౌలు రైతుకు దక్కలేదు. రేపు కొయ్యలు కాల్చకుండా కలియదున్నినందుకో, నాట్లు లేకుండా నేరుగా విత్తే వెద పద్ధతిలో వరి వేసి నీళ్లు మిగిల్చినందుకో డబ్బిచ్చే పథకం వస్తే దాన్నీ పట్టాదారు పాసుబుక్కుకే ముడిపెడతారేమో. కష్టపడేది కౌలుదారు, చెక్కు అందేది పట్నంలో ఉండే యజమానికి. అలాంటప్పుడు దుక్కి ఖర్చు పెట్టుకోవాలని కౌలుదారుకు ఎందుకనిపిస్తుంది? దరఖాస్తులో సాగుచేస్తున్న మనిషి పేరు అడగాలి, గ్రామసభలో ఆ పేరు ఖరారు చెయ్యాలి, కోతకు కనీసం పదిహేను రోజుల ముందే మొదటి విడత అతని ఖాతాలో పడాలి.