నడుముకు టేపు పెట్టండి

చెన్నై పానగల్ పార్కులో పొద్దున్నే నడిచే మన తెలుగువాళ్ల కబుర్లలో షుగర్ ప్రస్తావన రాకుండా పోదు. ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో, మూడు నెలల సగటు ఎంత వచ్చిందో నోటికి చెబుతారు. నడుము కొలత అడిగితే మాత్రం ప్యాంటు సైజు చెబుతారు. ప్యాంటు కట్టేది బొజ్జ కింద. కొలవాల్సింది పక్కటెముకల అంచుకూ తుంటి ఎముకకూ నడిమధ్యన.

ఆ కొలతకు ఇంత పట్టింపు ఎందుకంటే, కొవ్వు ఊరికే పేరుకున్న సరుకు కాదు. అందులో రోగనిరోధక కణాలు ఎప్పుడూ ఉంటాయి. కడుపులోని కొవ్వు కణాలు ఉబ్బేకొద్దీ వాటికి ప్రాణవాయువు చాలదు, కొన్ని చచ్చిపోతాయి. వాటిని ఎత్తిపోయడానికి మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు వచ్చి చచ్చిన కణం చుట్టూ వలయం కడతాయి. సన్ననివారి కొవ్వులోని కణాల్లో ఇవి పది శాతం లోపేననీ, ఊబకాయుల్లో 40 శాతం దాకా చేరతాయనీ 2003లో తేలింది. అవి వదిలే, వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి రసాయనాల వల్ల ఇన్సులిన్ మాట కణాలు వినవు. జ్వరం లేదు, నొప్పి లేదు. నివురుగప్పిన నిప్పులా ఆ వాపు ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటుంది. పైగా, అనవసరంగా ఇంత హడావుడి చేసే ఈ రోగనిరోధక వ్యవస్థ అసలు శత్రువు వచ్చినప్పుడు తడబడుతుంది. 2009 స్వైన్‌ఫ్లూలోనూ, కొవిడ్‌లోనూ ఊబకాయుల్లో జబ్బు ఎక్కువగా ముదిరింది. హెపటైటిస్-బి టీకా కూడా వారిలో తక్కువగా పనిచేస్తుంది.

మన ఒంటి తీరు మరీ మోసకారి. కాళ్లూ చేతులూ సన్నగానే ఉంటాయి, కొవ్వంతా కడుపులో చేరుతుంది. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ ముందుండి నడిపిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం 2023లో చెప్పిన లెక్క చూడండి: దేశంలోని పెద్దల్లో ఎత్తుకు తగ్గ బరువును బట్టి ఊబకాయులు 28.6 శాతం, నడుమును బట్టి 39.5 శాతం. కాటా ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎంతమంది తప్పిపోతున్నారో ఈ తేడాయే చెబుతుంది.

‘కాస్త ఒళ్లు చేశాడు’ అని మురిసిపోవడమూ, ‘తిండిపోతు’ అని వెక్కిరించడమూ రెండూ తప్పే. వెక్కిరింపు భయంతో డాక్టరు దగ్గరకే వెళ్లనివారు మన ఇళ్లలోనే ఉన్నారు. ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూసే ‘మక్కళై తేడి మరుత్తువం’ సిబ్బంది నడుము కొలతను కూడా ప్రతిసారీ రాసుకునేలా తమిళనాడు ప్రభుత్వం చూడాలని కోరుతున్నాం. ఉచిత వైద్య శిబిరాలు పెట్టే తెలుగు సంఘాలు అంతదాకా ఆగనక్కర్లేదు. బీపీ మిషను పక్కన ఒక టైలర్ టేపు ఉంచి, మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటినవారికి అక్కడే షుగర్ పరీక్ష చేయించాలి.