అభిప్రాయ పత్రం అనబడు దస్తావేజు

(పాలకొల్లులో ఒక డాబా ఇల్లు. రాత్రి తొమ్మిది దాటింది. శ్రీవారు సబ్‌రిజిస్ట్రారు కచేరీ ఎదుట చాలాకాలంగా దస్తావేజులు వ్రాస్తున్న మనిషి కావడం చేత, కళ్లజోడు పెట్టుకొని కాగితం ముందు కూర్చుంటే ఆయనకు మామూలు వాక్యం రాదు. శ్రీమతి కాన్వెంటులో పదవ తరగతి వరకు చదువుకొన్న ఇల్లాలు కావడం చేత, ఆ సంగతిని ఎవరినీ మరచిపోనివ్వదు. మూడవ తరగతి చదివే అమ్మాయి లోపల నిద్రపోతున్నది. బడివారు పంపిన రెండు కాగితాలలో ఒకటి తల్లిదండ్రుల అభిప్రాయానికి, రెండవది విద్యార్థిని అభిప్రాయానికి. రెండూ రేపు ఉదయం ప్రార్థన గంటకు ముందే సిస్టరు గారి బల్ల మీద ఉండాలి.)

శ్రీవారు: వ్రాస్తున్నాను, విను. "పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లు పట్టణ కాపురస్థుడనైన నేను, నా కుమార్తె చదువుచున్నట్టియు, తూర్పున పంట కాలువ, దక్షిణమున రోడ్డు, పడమర చర్చి ఆవరణ, ఉత్తరమున కొబ్బరి తోట హద్దులుగా గలట్టియు ప్రాథమిక పాఠశాలను గురించి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమును లేకుండా, ఇష్టపూర్వకముగా వ్రాసి ఇచ్చిన అభిప్రాయ పత్రము ఏమనగా..."

శ్రీమతి: మీరు ఆ బడిని కొంటున్నారా, అమ్ముతున్నారా? వారు ఇచ్చినవి పది గీతలు. మీ హద్దులకే సగం అయిపోయాయి.

శ్రీవారు: హద్దులు లేని ఆస్తి ఎలా నిలబడదో, ఆధారం లేని అభిప్రాయం కూడా అలాగే నిలబడదు. ఇక మొదటి ఆక్షేపణ, సెలవులు. తక్కిన బడుల పిల్లలందరూ దసరాకు అమ్మమ్మల ఇళ్లకు బయలుదేరి వెళ్లిన తరువాత కూడా, మనది క్రైస్తవ మైనారిటీ విద్యాసంస్థ కనుక మన అమ్మాయి సంచి తగిలించుకొని బడికి పోతూనే ఉంటుంది. అక్కడ కోసుకొన్న రోజులను క్రిస్మస్‌కు కలిపి ఇస్తారు. అప్పుడు ఈ వీధిలో ఆడుకోవడానికి ఇంకొక పిల్ల ఉండదు కనుక, ఆ సెలవులన్నీ అది నాతోనే ఆడుకొంటుంది.

శ్రీమతి: కన్నకూతురు తనతో ఆడుకొంటున్నదని ఫిర్యాదు వ్రాసి ఇచ్చే తండ్రిని సిస్టరు గారు ఇంతవరకు చూసి ఉండరు. ఆ మాట తప్పకుండా వ్రాయండి.

శ్రీవారు: రెండవది అంతకంటె ముఖ్యం. కార్తీక సోమవారం నాడు క్షీరారామంలో, అంతమంది భక్తుల మధ్య, మనది సిలువ గుర్తు వేసుకొని, వెంటనే లెంపలు కూడా వేసుకొని, తీర్థానికి చెయ్యి చాచింది. రాజ్యాంగం 28వ అధికరణం 3వ ఖండం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మైనరు బిడ్డ మతబోధలో గాని ఆరాధనలో గాని పాల్గొనాలని కోరాలంటే సంరక్షకుని సమ్మతి ఉండాలి. నా సమ్మతి ఎవరు అడిగారు?

శ్రీమతి: వారు అడిగారు, మీరు ఇచ్చారు. ప్రవేశ దరఖాస్తు చివరి పుటలో ఆ వాక్యం కింద ఉన్నది మీ సంతకమే. ఊరందరి దస్తావేజులనూ అక్షరం వదలకుండా చదివే మీరు, ఆనాడు సీటు దొరికిందన్న సంబరంలో ఆ గుమాస్తా కలమే లాక్కొని సంతకం పెట్టారు. పైగా జ్ఞానోపదేశం తరగతికి కథోలిక పిల్లలు వెళితే, మనదానిని నీతి పాఠంలో కూర్చోబెడతారు. ఇక ఉదయం పరలోక జపం అంటారా, దానిని నేనూ పదేళ్లు చెప్పాను. శ్రావణ శుక్రవారం నాడు ఎవరికి ఏ వాయనం ఇవ్వాలో ఈ ఇంట్లో మీ అమ్మగారికంటె నాకే బాగా తెలుసు.

శ్రీవారు: మా అమ్మగారు ఈ దస్తావేజులో కక్షిదారు కాదు. మూడవది, సంచి బరువు. 2020లో కేంద్ర విద్యాశాఖ ప్రకటించిన విధానం ప్రకారం, బడిసంచి పిల్ల బరువులో పదవ వంతుకు మించరాదు. అమ్మాయి బరువు 22 కిలోలు. అంటే సంచి 2 కిలోల 200 గ్రాములు దాటకూడదు. కొబ్బరి కొట్టులో కాటా మీద పెట్టించాను, 5 కిలోలు తూగింది.

శ్రీమతి: కాటా మీద పెట్టే ముందు సంచి విప్పి చూడవలసింది. అందులో నిరుటి నోటుపుస్తకాలు రెండు, నిండు నీళ్ల సీసా, మీరే ముచ్చటపడి కొన్న అట్ట బైండు నిఘంటువు, తొక్కుడుబిళ్లకు పనికివస్తాయని దాచుకొన్న పెంకు ముక్కలు ఉన్నాయి. ఆ పెంకులను ఏ సిస్టరూ పాఠ్యప్రణాళికలో చేర్చలేదు.

శ్రీవారు: సరే, ఫీజు సంగతి చెప్పు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులు నాలుగవ వంతు సీట్లు ఉచితంగా ఇవ్వాలంటున్నది కదా?

శ్రీమతి: ఆ సీట్లు పేదవారి పిల్లలకు, కొబ్బరి తోట కౌలుకు ఇచ్చి కూర్చున్న మీకు కాదు. అదీగాక, మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిందని, అరుగు మీద కూర్చొని ఎదురింటి ఆయనకు కాఫీ చల్లారేదాకా వివరించింది మీరే. ఇన్ని బాధలు పడుతూ అక్కడే చదివించడం ఎందుకు? వచ్చే ఏడాది ఆ పసుపు బస్సుల పెద్ద బడిలో వేద్దాం. మూడవ తరగతి నుంచే ఐఐటీ పునాది వేస్తారట, తరగతి గదులకు ఏసీలు కూడా ఉన్నాయట.

(శ్రీవారి కలం ఆగింది. కాన్వెంటును తిట్టే తండ్రులు మన జిల్లాలో ఎందరో ఉన్నారు గాని, టీసీ పుచ్చుకొందామని భార్య అన్న మరుక్షణంలో ఇలా ఆగని కలం అరుదు.)

శ్రీవారు: అంత మాట ఎందుకు? పాలపళ్లు పూర్తిగా ఊడని పిల్లకు ఐఐటీ పునాది ఏమిటి? ఆటస్థలం ఎక్కడ అని అడిగితే ఆ బడిలో నన్ను మేడ మీదకు తీసుకొని వెళ్లి, నీళ్ల ట్యాంకు పక్కన చోటు చూపించారు. ఇక్కడ మామిడి చెట్ల నీడ ఉన్నది, మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉన్నది. మొన్న జ్వరం వచ్చి రెండు రోజులు బడి మానితే, మూడవనాడు కబురు చేసి కనుక్కొన్నారు. అలాంటి బడిని పట్టుకొని నువ్వు అలా మాట్లాడడం ఏమీ బాగాలేదు.

శ్రీమతి: నేనా మాట్లాడింది? అయితే ఇప్పుడు నిజంగానే మాట్లాడతాను, వ్రాసుకోండి. అమ్మాయి ఇంగ్లీషు చేతివ్రాత ముత్యాల్లా ఉన్నది, కాని తెలుగు వాచకం చదవమంటే ఒత్తులన్నీ మింగేస్తున్నది. దీనికి బాగా అలవాటైన సిస్టరు గారిని వారి మఠంవారు ఏడాది మధ్యలో వేరే ఊరికి బదిలీ చేస్తే, ఇది రెండు పూటలు అన్నం ముట్టలేదు. బదిలీ వారి నియమం కావచ్చు. పిల్లలకు ముందుగా ఒక మాట చెప్పడానికి ఏ నియమం అడ్డు వచ్చింది?

శ్రీవారు: కన్యాస్త్రీలు విధేయతా వ్రతం పట్టినవారు, పొమ్మన్నచోటికి పోవలసిందే. నీలాగా ప్రతి మాటకూ కారణం అడగరు. తెలుగు అంటావా, రేపటినుంచి నేనే నేర్పుతాను.

శ్రీమతి: ఇదివరకు ఒకసారి నేర్పారు. అప్పుడది ఆవు వ్యాసంలో, "నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, సకల హక్కులతో కూడిన ఆవు" అని వ్రాసి, కింద సాక్షులుగా మన ఇద్దరి పేర్లు పెట్టింది.

శ్రీవారు: (ఆనందం దాచుకోలేక) మంచి వాక్యం. మార్కులు ఎన్ని వేశారు?

శ్రీమతి: మార్కులు వేయలేదు, నన్ను పిలిపించారు. ముందు అమ్మాయి తన కాగితంలో ఏమి వ్రాసిందో చదువుతాను, వినండి. "నాకు నచ్చినవి: శుక్రవారం గంట కొట్టే వంతు నాది. లెక్క తప్పు చేస్తే సిస్టర్ మళ్లీ చెబుతారు. తరగతిలో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడరు. నచ్చనివి: శనివారం తెల్ల బూట్లు. ఎండలో ఉపన్యాసం. మా నాన్న గేటు దగ్గర సిస్టర్‌కు చట్టాలు చెప్పడం."

శ్రీవారు: నచ్చినవాటిలో ఆ మూడవ వాక్యం నిన్ను ఉద్దేశించి వ్రాసిందే. ఎవరు ఏమి చెప్పబోయినా నువ్వు మధ్యలో...

శ్రీమతి: మధ్యలో వచ్చేది నేనా? పది గీతల కాగితాన్ని పావుగంటగా...

శ్రీవారు: పావుగంటలో అయిదు నిమిషాలు నీవే.

శ్రీమతి: చాలు, ఇటు ఇవ్వండి. మిగిలిన గీతలలో నేను వ్రాస్తాను. "బడి బాగున్నది. తెలుగు మీద శ్రద్ధ పెంచవలెను. సిస్టర్లను బదిలీ చేసేటప్పుడు పిల్లలకు ముందుగా చెప్పవలెను." ఇక సంతకం చేయండి.

శ్రీవారు: నా నాలుగు ఆక్షేపణలలో ఒక్కటీ చేరలేదు. అయినా పీఠిక నాది కనుక వ్రాతకూలి నాకు రావాలి.

శ్రీమతి: అలాగే ఇస్తాను. రేపు మూడవ విడత ఫీజు మీ జేబులోంచి కట్టి రండి, వ్రాతకూలి దానిలో మినహాయించుకొంటాను. ఈసారి రసీదును మాత్రం చదివి తీసుకోండి.