టమాటా సంగతి సరే, పప్పు మాటేంటి?

టమాటా ధర పెరిగిందంటే చాలు, మన చానళ్లకు రెండు వారాలు వేరే పని ఉండదు. 2023 జూలైలో చూశాం కదా. మదనపల్లె మార్కెట్‌లోనే కిలో 200కి దగ్గరగా పలికింది. రైతుబజార్లలో ప్రభుత్వం 50 రూపాయలకు అమ్మితే విజయవాడలో జనం సంచులు పట్టుకుని లైన్లు కట్టారు. వాళ్లను నేనేం అనను. కానీ టమాటా లేకపోయినా ఆ పూట చింతపండుతో లాగించేస్తాం. పేదింట్లో అసలు దెబ్బ తగిలేది పప్పు దగ్గర, నూనె దగ్గర, గుడ్డు దగ్గర. అక్కడ మైకు పెట్టేవాడు కనపడడు.

విజయవాడ సింగ్‌నగర్ వైపు ఏ కిరాణా కొట్టు దగ్గరైనా సాయంత్రం ఏడింటప్పుడు కాసేపు నిలబడండి. కూలి డబ్బులు చేతిలో పడి జనం సరుకులకు వచ్చే టైమది. కందిపప్పు కిలో 180 పలికిన రోజుల్లో నేను విన్న మాటలివి:

"బాబాయ్, కందిపప్పు ఎట్లా ఇస్తున్నావ్?"

"నూట ఎనభై అమ్మా."

"అమ్మో... సరే, ఓ ఇరవై రూపాయలది కట్టు."

గమనించారా, ఆమె గ్రాముల్లో అడగలేదు, రూపాయల్లో అడిగింది. కిలో 110 ఉన్నప్పుడు ఆ 20 రూపాయలకు 180 గ్రాములు వచ్చేది. 180 అయ్యేసరికి 110 గ్రాములకు పడిపోయింది. ఖర్చు అంతే, పొట్లం చిన్నదైంది. నలుగురున్న ఇంట్లో ఆ పప్పుతో పప్పు వండలేరు, పప్పుచారు కాస్తారు. అందులోనూ అడుగున ఉన్న ముద్దపప్పు పిల్లలకి, మగాయనకి. చివర్లో కూర్చునే ఆవిడకి పైన తేరిన చారు. ఇంకో అన్యాయం, ఇలా పొట్లాల్లో కొనేవాళ్లకే కిలో లెక్కన ఎక్కువ పడుతుంది. నెలకి సరిపడా ఒకేసారి తెచ్చుకునే మనకి డిస్కౌంటు!

"బియ్యం ఫ్రీగా ఇస్తున్నారుగా, ఇంకేం కావాలి?" అనేవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. 2023 జనవరి నుంచి కేంద్రం తలకు 5 కిలోలు ఉచితంగా ఇస్తోంది. అది లేకపోతే ఎన్ని ఇళ్లు పస్తులుండేవో, కాదనను. కానీ బియ్యంతో కడుపు నిండుతుంది, ఒంట్లో రక్తం పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఐదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం. దీనికంతా ధరలే కారణమని చెప్పడం లేదు. కానీ ఏ ధర పెరిగినా ముందు కోత పడేది పప్పుకీ గుడ్డుకీ పాలకే కదా.

పైగా లెక్కల మాయ ఒకటి. 2024 అక్టోబరులో దేశంలో ఆహార ద్రవ్యోల్బణం, అంటే ఏడాదిలో తిండి ధరలు పెరిగిన లెక్క, 10.87 శాతం. సరిగ్గా ఏడాదికి, అంటే 2025 అక్టోబరులో, మైనస్ 5 శాతం, ధరలు దిగాయన్నమాట. రెండూ కలిపి సరాసరి తీస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. మధ్యలో పదికి రూపాయి వడ్డీకి తెచ్చిన అప్పు, కుదువ పెట్టిన కమ్మలు మాత్రం ధర దిగిందని వెనక్కి రావు.

నూనె కథ మరీ ఘోరం. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాలదే. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం వచ్చి సన్‌ఫ్లవర్ నూనె కొండెక్కింది. అదే ఏప్రిల్ ఆఖర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. ఎక్కడో వాళ్ల నిర్ణయానికి ఇక్కడ పునుగుల బండి ఆవిడ నలిగిపోయింది. సరే, అది పరాయి వాళ్ల పని. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచేసి, జనం ఇళ్లల్లో బురద ఎత్తిపోసుకుంటున్న రోజుల్లోనే ముడినూనెల దిగుమతి సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది మనవాళ్లే. నూనెగింజల రైతుకి మేలన్నారు. ఆ రైతుకి ధర రావాలన్నది నిజమే, ఆ భారం మోయాల్సింది పావు లీటరు కొనేవాళ్లా? ఆ మాటకొస్తే మనమేం తక్కువ తినలేదు. 2023 జూలైలో తెల్లబియ్యం ఎగుమతి మనం ఆపేస్తే, మన బియ్యం తినే పశ్చిమ ఆఫ్రికా ఇళ్లల్లో కూడా ఇదే గోల.

ధర పెరిగితే రైతుకి లాభమేగా అనేవాళ్లు ఓసారి గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లి రావాలి. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టింది. పెట్టుబడి కూడా రాదని రైతులు మొత్తుకున్నారు. మిర్చి రైతు మిర్చి తిని బతకడు. పప్పూ నూనే అందరిలాగే కొట్లోనే కొంటాడు. అమ్మేటప్పుడు ధర లేదు, కొనేటప్పుడు మండుతుంది.

నేను అడిగేది చిన్నదే. ధర మండాక నాలుగు రోజులు కౌంటర్ పెట్టి ఫొటోలు దిగడం కాదు, రేషన్‌లో పప్పు, నూనె ప్రతి నెలా ఒకే ధరకి రావాలి. డబ్బెక్కడిది అంటారా? తమిళనాడులో కార్డుకి కిలో కందిపప్పు 30 రూపాయలకు, లీటరు పామాయిల్ 25 రూపాయలకు ఏళ్ల తరబడి ఇస్తున్నారు. 2024 వేసవిలో అక్కడా సరుకు ఆలస్యమైతే పెద్ద రాజకీయ గొడవే అయింది. మన దగ్గర "ఈ నెల పప్పు రాలేదమ్మా" అంటే ఎందుకు రాలేదని అడిగేవాళ్లే లేరు.