సొమ్ము పెదవిది, సోకు ముక్కుది

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి సమంతా స్టీవెన్స్ గారి ముక్కు గారి దివ్యసముఖమునకు,

ఒక అభిమాని నమస్కరించి వ్రాయు విన్నపములు. ఉభయకుశలోపరి.

ఈ సంబోధన మా తాతగారి కాలం నాటి ఉత్తరాల నుంచి ఎత్తి రాసినదే అయినా, అందులో ఒక్క మాట కూడా తమ యజమానురాలి విషయంలో వృథా పోలేదని మొదటే మనవి చేసుకుంటున్నాను. అమెరికా టీవీ హాస్య ధారావాహిక 'బివిచ్‌డ్'లో ముక్కు ఆడించి మాయలు చేసే మంత్రగత్తె ఇల్లాలు కదా ఆవిడ, వయసు వందల ఏళ్లలో ఉంటుంది కనుక చిరంజీవి అనడానికి ఎవరి దీవెనా అక్కర్లేదు. ఇక సౌభాగ్యమంటారా, ఐదు సీజన్ల పాటు నటుడు డిక్ యార్క్ ముఖంతో ఆఫీసుకు వెళ్లివచ్చిన భర్త డారిన్ 1969లో ఆరో సీజన్ మొదలయ్యేసరికి మరో నటుడు డిక్ సార్జెంట్ ముఖంతో ఇంటికి వస్తే, ఇల్లాలు గానీ, ఆఫీసులో పై అధికారి లారీ టేట్ గానీ, అల్లుడి పొడే గిట్టని అత్తగారు ఎండోరా గానీ, ఇదేమిటని ఒక్క మాట అడగలేదు. మన సీరియళ్లలోనైతే ఇకపై ఈ పాత్రలో ఫలానావారు నటిస్తారని అడుగున ఒక చీటీ అయినా వేస్తారు. అక్కడ అదీ లేదు. ఒక సినిమా షూటింగులో పట్టేసిన నడుము పదేళ్లు వేధించి, చివరికి సెట్టు మీదే పడిపోయి ఆసుపత్రి పాలైన డిక్ యార్క్ పక్షాన కొందరు అభిమానులు, చక్కగా తన పని తాను చేసుకుపోయిన డిక్ సార్జెంట్ పక్షాన మరికొందరు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు గానీ, సమంతా గారి పసుపుకుంకుమలకు మాత్రం ఏ లోటూ రాలేదు.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం మొగుళ్ల మార్పిడి కాదు. అది మీ పరిధిలోని విషయమూ కాదు. 1964 సెప్టెంబరు 17న అమెరికాలో ఏబీసీ టీవీ వారు మొదలుపెట్టి, 1972 మార్చి దాకా 254 ఎపిసోడ్లు నడిపించిన 'బివిచ్‌డ్'లో జరిగిన ప్రతి మాయా మీ ఖాతాలోనే జమ అయింది. ముక్కు అదిరితే బూడిద గిన్నె మాయం, ముక్కు అదిరితే విందు సిద్ధం. తొంభైలలో ఆ కార్యక్రమం హిందీ మాటలతో మా ఇంటి టీవీలోకి దిగినప్పుడు, హోంవర్కు ముందు పెట్టుకుని మీలా ముక్కు ఆడించబోయి, చీమిడి తప్ప మరేమీ రాని బాల్యం నాది. ఆ లెక్కన మీ మీద నాకు పాతికేళ్ల బాకీ ఉంది.

అసలు సంగతి తెలిసింది మొన్న సంక్రాంతి సెలవుల్లో. మా బావగారు ఈ కార్యక్రమానికి వీరాభిమాని. సొంత ఇంటి కరెంటు సర్వీసు నంబరు ఆయనకు ఏనాడూ గుర్తుండదు గానీ, సమంతా వాళ్ల ఇల్లు 1164, మార్నింగ్ గ్లోరీ సర్కిల్ అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ ఇల్లు వెస్ట్‌పోర్ట్‌లో ఉందా, పాటర్సన్‌లో ఉందా అన్నది అక్కడి రచయితలే ఒక మాట మీద నిలబడక చిక్కుముడిగా వదిలేశారన్న ఆవేదన కూడా ఆయనకుంది. ఆ సాయంత్రం అరిసెల పళ్లెం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని, తొలి రెండు సీజన్ల నలుపు-తెలుపు ఎపిసోడ్లలో ఒకదాన్ని నడిపిస్తూ, సరిగ్గా మాయ జరిగే చోట ఆపి, నూనె వేలిని తెరకు అంగుళం దూరంలో ఉంచి, "ఇక్కడ చూడు మరదలా, ముందు కదిలింది ఏది?" అన్నారు. వెనక్కి తిప్పారు. మళ్లీ నడిపారు. నాలుగోసారికి నాకూ కనబడింది. కదిలింది పై పెదవి. అది కుడికీ ఎడమకీ చకచకా జరుగుతుంటే, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న పాపానికి మీ కొన కూడా అటూ ఇటూ ఈడ్చుకుపోతోంది. మీరు స్వయంగా చేసింది, క్షమించాలి, ఏమీ లేదు.

వంటింట్లోంచి వచ్చిన మా అక్క ఈ పరిశోధనంతా విని, "ముక్కైతేనేం, మూతైతేనేం, అంట్లు తోమిందా లేదా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా, ఖాళీ అయిన పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది.

ఆ ప్రశ్నకు కూడా మా దగ్గర సమాధానం ఉంది, మీకు నచ్చదంతే. చిందరవందరగా ఉన్న వంటగది మధ్యలో సమంతా చేతులు పైకెత్తగానే గది అద్దంలా మెరిసిపోతుంది కదా, అప్పుడు జరిగిందేమిటంటే, కెమెరా ఆపేశారు. సమంతాగా వేసిన ఎలిజబెత్ మాంట్‌గోమరీ గారు ఎత్తిన చేతులు దించకుండా బొమ్మలా నిలబడిపోయారు. సిబ్బంది లోపలికి వచ్చి, గిన్నెలు తీసి, బల్ల తుడిచి, చెత్త ఊడ్చి, వచ్చిన దారినే బయటికి వెళ్లిపోయారు. కెమెరా మళ్లీ తిరిగింది, ఆవిడ చేతులు దించారు, మనం చప్పట్లు కొట్టాం. చీపురు పట్టినవాళ్లు ఒక్క ఫ్రేములోనూ లేరు. చేతులు లాగేసిన నొప్పి ఆవిడది, నడుము వంచిన శ్రమ వాళ్లది, ఖ్యాతి తమరిది.

ముక్కు పేరిట వచ్చే కీర్తి ఎవరికి చెందాలన్న తగాదా మా తెలుగువాళ్లకు కొత్త కాదని కూడా ఇక్కడ మనవి చేయాలి. సంపెంగ పువ్వు తుమ్మెద తన దరికి రావడం లేదని తపస్సు చేసి ఆడదాని ముక్కుగా పుట్టిందని చెప్పే ఒక చక్కని పద్యం మాకుంది. అది ఉన్నది రామరాజభూషణుడి వసుచరిత్రలో. కానీ దాన్ని రాసింది నంది తిమ్మన అనీ, రామరాజభూషణుడు ఆయన దగ్గర కొనుక్కున్నాడనీ, ఆ పద్యం వల్లే ఆయనకు ముక్కు తిమ్మన అన్న పేరొచ్చిందనీ కథ. పద్యం ఒకరి పుస్తకంలో ఉంటే పేరు ఇంకొకరికి ఎలా వచ్చిందని పండితులు పోట్లాడుకుంటూనే ఉంటారు. అటువంటి జాతిలో పుట్టినవాళ్లం పెదవి కష్టాన్ని ముక్కు తన్నుకుపోతుంటే చూస్తూ ఊరుకుంటామా?

పైగా ఈ సొమ్మొకడిది సోకొకడిది వ్యవహారం మీతో ఆగలేదు, ఆ ఇంటికంతా అంటుకుంది. డారిన్ స్టీవెన్స్ మెక్‌మాన్ అండ్ టేట్ అనే ప్రకటనల సంస్థలో ఉద్యోగి. పెళ్లయిన నాటి నుంచీ భార్య మంత్రం వేయకూడదని ఆంక్ష పెట్టినవాడు. ఎండోరా వచ్చి అల్లుణ్ణి ఏ జంతువుగానో మార్చేస్తుంది, అదే సమయానికి ఖాతాదారు విందుకు వస్తాడు, పరువు గంగపాలవుతుంది, అప్పుడు సమంతా నవ్వుతూ అదంతా మీ సరుకు కోసం మావారు ఆలోచించిన కొత్త ప్రకటన అంటుంది. అంతవరకూ డారిన్ ఉద్యోగం ఊడబీకబోతున్న లారీ టేట్, ఖాతాదారు పెదాల మీద చిరునవ్వు చూడగానే, అదే వాక్యంలో సగంలోంచి మలుపు తిరిగి, ఆ ఆలోచనను ఆకాశానికెత్తేస్తాడు. మాయ అత్తగారిది, తెలివి భార్యది, జీతం డారిన్‌ది, లాభం లారీది. ఆ ఇంట్లో ఉంటూ మీరు మాత్రం ముక్కుసూటిగా ఎలా ఉండగలరు, పాపం.

అల్లుడి పేరు ఎప్పుడో తప్ప సరిగ్గా పలకని ఎండోరా, డర్‌వుడ్ అని ఒకసారి, మరోటని మరోసారి పిలిచిన పేర్లన్నీ జాబితా రాసి పెట్టుకున్న అభిమానులున్నారు. అత్తగారు పేరు మరిచిపోయినందువల్ల కాదు, గుర్తుండే తప్పు పలుకుతోందన్నది వాళ్ల సిద్ధాంతం. నేనూ ఒప్పుకుంటాను, మా వీధిలోనూ అలాంటి అత్తగార్లు ఉన్నారు.

ఎదురింటి గ్లాడిస్ క్రావిట్జ్‌ను తలుచుకుంటే మాత్రం నాకు కాస్త భయం వేస్తుంది. ఆవిడ రోజంతా కర్టెన్ సందులోంచి స్టీవెన్స్ ఇంటిని గమనిస్తూ, వింత కనబడగానే "అబ్నర్!" అని కేక పెడుతుంది. పేపరు చదువుకుంటున్న మొగుడు తల తిప్పేసరికి అంతా మామూలైపోతుంది. తెర ఆపి, వెనక్కి తిప్పి, పెదవి కదిలిందో లేదో చూడమని వంటింట్లోని అక్కను పిలిచే మా బావగారు ఆవిడకు ఏ విధంగా తీసిపోతారు? కానీ గ్లాడిస్ చూసింది నిజమే కదా. ఆ ఊరు మొత్తంలో ఉన్నదున్నట్టు చూసిన మనిషి ఆవిడ ఒక్కతే, పిచ్చిదన్న పేరు మోసిందీ ఆవిడే. ఆ పాత్రను మొదట వేసిన ఆలిస్ పియర్స్ 1966 మార్చిలో కన్నుమూశాక, ఆ ఏడాదే ఆమెకు టీవీ వాళ్లకిచ్చే ఎమీ బహుమతి ప్రకటించారు. తలుపు పిడులు సేకరించే మతిమరుపు క్లారా పిన్నిగా వేసిన మారియన్ లార్న్‌కూ 1968లో అంతే, పోయిన కొద్ది రోజులకు బహుమతి వచ్చింది. నిజజీవితంలోనూ తలుపు పిడులు సేకరించిన మనిషి ఆవిడ. ఎపిసోడ్లను నడిపించిన దర్శకుడు, మాంట్‌గోమరీ గారి భర్త అయిన విలియం ఆషర్‌కూ ఒక ఎమీ దక్కింది. మరి మిమ్మల్ని ముఖాన మోసిన మాంట్‌గోమరీ గారు? ఈ పాత్రకు ఐదుసార్లు పోటీలో నిలిచారు, ఒక్కసారీ గెలవలేదు. సెరీనా అనే జంట పాత్రను కూడా ఆవిడే వేసి, పేర్లలో మాత్రం పండోరా స్పాక్స్ అని వేయించుకుని నవ్వుకున్నారు. తన పనికి తన పేరే వేసుకోని మనిషి ముఖం మీద కూర్చుని మీరు ఇంత పేరు సంపాదించారు.

మీ వంశంలో నిజాయితీ గలది సమంతా కూతురు తబితా ముక్కు ఒక్కటే. ఆ పసిదానికి తల్లిలా ఆడించడం రాక, చూపుడువేలు పెట్టి ముక్కును అటూ ఇటూ తోసేది. ఎవరు కదుపుతున్నారో అందరికీ కనబడేది. మా ఇంట్లో మూడేళ్ల మేనల్లుడు ఆ పద్ధతినే నమ్ముకున్నాడు, అయినా అరిసెలు వాటంతట అవి రావడం లేదని ఏడుస్తున్నాడు.

2005లో మసాచుసెట్స్‌లోని సేలం ఊళ్లో, చీపురుకట్ట మీద కూర్చున్న సమంతా కంచు విగ్రహం పెట్టారు. 1692లో మంత్రగత్తెలన్న నింద వేసి 19 మందిని ఉరితీసిన ఊరిలో ఈ వేళాకోళం ఏమిటని కొందరు అప్పుడే అభ్యంతరం చెప్పారు. 2022లో ఎవరో ఎర్ర రంగు కూడా పోశారు. ఆ నిందలు పడ్డవారిలో ఎవరి ముక్కూ అదిరి ఎవరి గిన్నే కడగబడలేదు కనుక ఆ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయలేను. కానీ విగ్రహంలో సైతం జనం ఫొటో తీసుకునేది మీ వైపే చూసి.

కనుక ఇప్పటికైనా తమరు ఎనిమిది సీజన్ల ఖాతా తెరిచి, పెదవికి చెందింది పెదవికి, చీపురుకు చెందింది చీపురుకు పంచిపెట్టవలసిందిగా ప్రార్థన. కాదంటే ముక్కు పిండి వసూలు చేయడం మాకు తెలుసు, అది మా భాషలో ఉన్న మాటే.

ఇట్లు,
తమ పాత ఋణదాత

తా.క.: పై పెదవి గారి చిరునామా మాకు లేదు. వారు సరిగ్గా మీ కిందనే ఉంటారు కనుక, ఈ ఉత్తరం నకలు ఒకటి దయచేసి కిందికి జారవిడవగలరు.