కళ్లజోడు పక్కన పడేస్తే చూపు బాగుపడదు

చాలాకాలంగా ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: కళ్లజోడు ఊతకర్ర వంటిది, పెట్టుకున్నకొద్దీ కళ్లు బలహీనపడి పవరు పెరుగుతుంది. జోడు పక్కన పడేసి రోజూ కంటి వ్యాయామాలు చేస్తే నెల తిరిగేసరికి చూపు బాగవుతుంది. ఎనభై ఏళ్ల పెద్దాయన ఒకరు ఇలాగే అద్దాలు లేకుండా పేపరు చదువుతున్నారు. శుక్లాలకు ఆపరేషన్ అక్కర్లేదు, తేనె చుక్కలు వేస్తే కరిగిపోతాయి. పిల్లలకైతే అసలు జోడు అలవాటే చేయకూడదు. పంచుతున్నవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ నమ్మినవారి కళ్లకు నష్టం జరుగుతుంది కాబట్టి ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

మొదటిది, జోడు వల్లే పవరు పెరుగుతుందన్న మాట. దూరపు వస్తువులు మసకగా కనిపించే హ్రస్వదృష్టిలో సాధారణంగా కనుగుడ్డు ఉండవలసినదానికంటే పొడవుగా ఉంటుంది. పెద్దవారిలో మామూలు కనుగుడ్డు పొడవు ముందునుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు సాగితే చాలు, రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల (అద్దాల పవరును కొలిచే ప్రమాణం) దాకా మైనస్ పవరు వస్తుంది. పిల్లలు ఎదిగే వయసులో ఈ సాగడం కొనసాగుతుంది, అందుకే అద్దాలు మార్చవలసి వస్తుంది. నిరుటి చెప్పులు ఈ ఏడు బిగుతైతే చెప్పుల వల్లే పాదం పెరిగిందని ఎవరూ అనరు కదా! జోడు తీయగానే మునుపటికంటే ఎక్కువ మసకగా అనిపించడం నిజమే. స్పష్టంగా చూడడం అలవాటయ్యాక ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, అంతే.

తక్కువ పవరు అద్దాలు ఇస్తే కన్ను తనంతట తాను బాగుపడుతుందని ఆశించే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఈ ఊహను మలేషియాలో పిల్లలపై పరీక్షించి చూశారు. 2002లో వెలువడిన ఆ అధ్యయనంలో, కావాలని పవరు తగ్గించి అద్దాలు ఇచ్చిన పిల్లలకు రెండేళ్లలో హ్రస్వదృష్టి తగ్గలేదు సరికదా, సరైన అద్దాలు పెట్టుకున్నవారికంటే ఎక్కువే పెరిగింది. నిజంగా పనికొచ్చేది ఆరుబయట వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల పిల్లలను రోజుకు 40 నిమిషాలు అదనంగా బయట ఉంచారు. మూడేళ్లలో వారిలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30 శాతం, మిగతా బడుల్లో దాదాపు 40 శాతం. ఇన్ని మాటలు రాసినవారు ఈ ఒక్క సంగతి రాసి ఉంటే ఎంత మేలు జరిగేది!

ఇక వ్యాయామాలు. ఈ వాదాన్ని ప్రచారంలోకి తెచ్చింది విలియం బేట్స్ అనే అమెరికన్ కంటి వైద్యుడు. 1920లో దానిపై పుస్తకం వేశాడు. కనుగుడ్డు చుట్టూ ఉన్న కండరాలు గుడ్డు ఆకారాన్ని మార్చడం వల్లే దగ్గరి చూపు, దూరపు చూపు కుదురుతాయని అతను నమ్మాడు. అంతకు వందేళ్లకు పైగా ముందే, 1801లో, థామస్ యంగ్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త తన కంటిమీదే చేసుకున్న ప్రయోగాలతో ఆ పని చేసేది కంటి లోపలి కటకమని చూపించాడు. చుట్టూ ఉన్న కండరాలు కంటిని అటూ ఇటూ తిప్పుతాయి, సాగిన గుడ్డును కురచ చేయలేవు. నలభై దాటాక వచ్చే చత్వారం కూడా కటకం గట్టిపడి వంపు మార్చుకోలేకపోవడం వల్ల వచ్చేదే.

మరి మేలు కలిగిందని చెప్పేవారంతా అబద్ధమాడుతున్నారా? లేదు. జోడు లేకుండా కొంతకాలం తిరిగితే, మసక బొమ్మలోంచే అక్షరాలను పోల్చుకోవడం మెదడు నేర్చుకుంటుంది. పరీక్ష బోర్డు మీద మునుపటికంటే ఎక్కువ అక్షరాలు చదవగలుగుతారు కూడా. అప్పుడే పవరు కొలిస్తే మాత్రం అది ఉన్నచోటే ఉంటుంది. కళ్లు చికిలించినా, మంచి వెలుతురులో కంటిపాప చిన్నదైనా మసక తగ్గుతుంది. వ్యాయామం నిజంగా పనిచేసే సందర్భం ఒకటుంది: దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్లూ కలిసి లోపలికి తిరగలేకపోవడం. పరీక్ష చేసి నేర్పే శిక్షణతో అది మెరుగుపడుతుంది. పవరుకు దానితో సంబంధం లేదు.

ఆ పెద్దాయన సంగతి కూడా నిజమే కావచ్చు. శుక్లం కటకం నడిమధ్యలో ముదురుతున్నప్పుడు కంటికి మైనస్ పవరు వచ్చి, చత్వారం అద్దాలు లేకుండానే దగ్గరి అక్షరాలు కనిపిస్తాయి. దూరపు చూపు అదే సమయంలో తగ్గుతూ వస్తుంది. అలాంటి వారిని అభినందించి ఊరుకోకుండా కంటి పరీక్షకు తీసుకువెళ్లాలి.

శుక్లాన్ని కరిగించే చుక్కల మందు ఏదీ ఇంతవరకు మనుషుల్లో పనిచేస్తుందని రుజువు కాలేదు. కటకంలోని ప్రోటీన్లు ముద్దకట్టి తెల్లబారాక దాన్ని తీసి కృత్రిమ కటకం పెట్టడమే మార్గం. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు మొదటిసారి చేసిన పని ఇదే. తేనె సూక్ష్మక్రిములు లేని పదార్థం కాదు. నల్లగుడ్డు మీది పొర గీసుకుని ఉంటే క్రిములు చేరి పుండు పడవచ్చు, మానినా తెల్లమచ్చ మిగలవచ్చు. శుక్లం బాగా ముదిరేదాకా ఆగాలన్నది పాత పద్ధతి. మరీ ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది, కంటిలో ఒత్తిడి కూడా పెరగవచ్చు.

పిల్లలకు జోడు అలవాటు చేయవద్దన్న మాట నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఒక కంటికి పవరు ఎక్కువగా ఉన్న బిడ్డ రెండో కంటితో అంతా చూసేస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. మెదడు మాత్రం మసక బొమ్మ పంపే కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. చిన్న వయసులో స్పష్టమైన బొమ్మ అందకపోతే మెదడులో చూపుకు సంబంధించిన అమరికే మారిపోతుందని పిల్లికూనలపై ప్రయోగాలతో చూపించిన శాస్త్రవేత్తలు హ్యూబెల్, వీజల్‌లకు 1981లో నోబెల్ బహుమతి దక్కింది. ఈ సోమరి కన్నుకు చికిత్స సరైన అద్దాలతోనే మొదలవుతుంది, అవసరమైతే మంచి కంటికి పట్టీ వేస్తారు. ఏడేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. మసకగా ఉందని బిడ్డ తనంతట తాను చెప్పదు, ఎందుకంటే అందరికీ అలాగే కనిపిస్తుందని అనుకుంటుంది. అందుకే ఏ ఫిర్యాదూ లేకపోయినా మూడు నాలుగేళ్ల వయసులో ఒక్కో కంటినీ విడివిడిగా పరీక్ష చేయించండి. రోజంతా జోడు పెట్టమని వైద్యులు చెబితే రోజంతా పెట్టండి.